డాబా మీద నుంచి ఏ380ని గుర్తుపట్టడం ఎలా

ఎయిర్‌బస్ ఏ380 అనే రెండంతస్తుల భారీ ప్రయాణికుల విమానాల్లో ఆఖరిది, 251వది, 2021 డిసెంబరులో ఎమిరేట్స్ విమాన సంస్థకి చేరింది. ఇక కొత్తవి రావు. అందుకే ఎగురుతున్నప్పుడే చూసేయాలని నా తాపత్రయం.

గుంటూరు బ్రాడీపేటలో మా డాబా మీద నేను చేసేది ఇదీ. ఫోన్‌లో విమానాల ట్రాకింగ్ యాప్ తెరిచి, విమానం రకం దగ్గర ఏ388 (ఏ380కి వాడే కోడ్) అని ఫిల్టర్ పెడతాను. మనవైపు వస్తుంటే బైనాక్యులర్స్‌తో పైకి పరుగే. నీళ్ల ట్యాంకు నీడలో నిలబడండి, సూర్యుడి వైపు మాత్రం అస్సలు తిప్పొద్దు.

ఇంజన్ల వెనక నాలుగు తెల్లచారలు మొదలై, కాస్త దూరంలో జంటలుగా కలిసిపోతాయి. పైన గాలి పొడిగా ఉంటే చారలే పడవు. నాలుగు ఇంజన్లు బోయింగ్ 747కీ ఉంటాయి కాబట్టి తొందరపడకుండా రెక్కలు చూడండి. 747కి రెక్కల కన్నా ఒళ్లే పొడవు. ఏ380కి పొడవు 73 మీటర్లయితే, రెక్కల కొస నుంచి కొసకి దాదాపు 80.