పాత ఆర్‌పీజీలను కొత్త కన్సోల్‌పై మళ్లీ ఆడేవారికి ఒక చిట్కా

పాత రోల్ ప్లేయింగ్ గేమ్‌లను (ఆర్‌పీజీలు, అంటే ఒక పాత్రగా కథలో ముందుకు సాగే ఆటలు) కొత్త కన్సోల్‌కు మళ్లీ తెచ్చేటప్పుడు అసలు ఆటలో లేని సౌకర్యాలను తరచుగా జోడిస్తుంటారు. వాటిని మొదటి నుంచే కాక, అవసరమైన చోట మాత్రమే వాడితే ఆటలోని పట్టు సడలదు. ఉదాహరణకు, 1987–1994 మధ్య వచ్చిన మొదటి ఆరు ఫైనల్ ఫాంటసీ ఆటల పిక్సెల్ రీమాస్టర్‌లు (మెరుగుపరచిన కొత్త కూర్పులు) 2023లో స్విచ్, ప్లేస్టేషన్ 4 కన్సోల్‌లకు వచ్చినప్పుడు, దారిలో హఠాత్తుగా ఎదురయ్యే పోరాటాలను ఆపివేసే వీలునూ, పోరాటాల్లో గెలిస్తే వచ్చి పాత్రల బలాన్ని పెంచే అనుభవ పాయింట్లను నాలుగు రెట్ల వరకు పెంచుకునే వీలునూ కల్పించారు. పోరాటాలు ఆపేసి గుహంతా నడిచేస్తే చివరనున్న బాస్ (ప్రధాన శత్రువు) ముందు మీ బృందం బలహీనంగా నిలబడవలసి వస్తుంది కనుక, లోపలికి పోరాడుతూ వెళ్లి, వదిలేసిన నిధి పెట్టెల కోసం వెనక్కి తిరిగేటప్పుడే ఆ సౌకర్యాన్ని వాడటం మేలు. రెండవ ఆటలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అందులో పాత్రలు మామూలు లెవెల్స్‌తో కాక, వాడిన ఆయుధాలనూ మంత్రాలనూ బట్టి ఎదుగుతాయి. సంగీతాన్ని పాత రూపంలోకి మార్చుకునే వీలు కూడా ఉంది; నా మటుకు నాకు అదే బాగుంటుంది.

ఆటోసేవ్ ఉన్నా, ప్రతి పెద్ద ఘట్టానికి ముందు వేరే స్లాట్‌లో స్వయంగా సేవ్ చేసుకోండి. ఆ పాత కాలపు ఆటల్లో చాలావాటికి తరువాత ఎక్కడికి వెళ్లాలో గుర్తుచేసే పట్టిక ఉండదు కాబట్టి, ఆట ఆపే ముందు చివరిగా ఎవరు ఏ ఊరికి వెళ్లమన్నారో ఒక్క వాక్యంలో రాసిపెట్టుకోవడం అవసరం.