రెడ్‌వుడ్ చెట్ల మధ్య ఎత్తులో గేర్ జారుతోందా? ముందు సైకిల్ వెనక్కి వెళ్లి నిలబడండి

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో చీకటితో బయల్దేరి, 101 హైవే మీద ఆరేడు గంటలు కారు నడిపి ప్రెయిరీ క్రీక్ రెడ్‌వుడ్ పార్కు చేరతాం. తీరా అక్కడ మొదటి ఎత్తు రాగానే సైకిల్ టకటకమని గేర్లు జారవిడవడం మొదలుపెడుతుంది. మా బృందంలో పనిముట్ల సంచీ నాది కాబట్టి "అన్నా, ఒకసారి చూడవా" అంటూ ఎవరో ఒకరు వస్తారు. వచ్చేలోపే గేరు కేబుల్ బిగువు మార్చే బ్యారెల్ అడ్జస్టర్‌ని అటు నాలుగు చుట్లు, ఇటు నాలుగు చుట్లు తిప్పేసి ఉంటారు. నా గోడంతా ఆ తిప్పడం గురించే.

మేం తిరిగేది 19 మైళ్ల చుట్టు. ఎల్క్ ప్రెయిరీ క్యాంప్‌గ్రౌండ్ దగ్గర మొదలుపెట్టి డ్రూరీ పార్క్‌వే మీద ఉత్తరానికి వెళ్తాం. తారురోడ్డే గానీ రెండు పక్కలా వెయ్యేళ్లు దాటిన చెట్లు. అక్కణ్నుంచి ఒసాగన్ ట్రెయిల్‌లో సముద్రం దాకా నిటారుగా దిగుడు, గోల్డ్ బ్లఫ్స్ ఒడ్డు వెంట దక్షిణానికి ఇసుక, వాగులు, చివర్న డేవిసన్ మట్టిరోడ్డు ఎత్తు. మరీ కష్టమైన దారేం కాదు. కాకపోతే ఒడ్డు దగ్గర సైకిల్ పాడైతే జేమ్స్ అర్విన్ ట్రెయిల్ గుండా అడ్డదారిన వచ్చేద్దామంటే కుదరదు, అందులోకి సైకిళ్లను రానివ్వరు. అందుకే ఏం చూసుకున్నా బయల్దేరే ముందే చూసుకోవాలి.

లక్షణం: చదునులో బాగుంటుంది, ఎత్తులో చైన్ ఎగురుతుంది

మొదట వెనక చక్రం సరిగ్గా కూర్చుందా చూడండి. కారులో పెట్టడానికి చక్రం విప్పారు కదా? యాక్సిల్ (చక్రం ఇరుసు) వదులు చేసి, సైకిల్‌ని నేలమీద నిలబెట్టి, సీటు మీద చేత్తో నొక్కి, మళ్లీ బిగించండి. అర నిమిషం పని. దీంతోనే సర్దుకున్న సైకిళ్లు ఎన్నో చూశాను.

అప్పటికీ జారుతుంటే కేబుల్‌ని అనుమానించండి. ఈ మధ్యే కొత్తది వేయించి ఉంటే కాస్త సాగుతుంది, అడ్జస్టర్ ఒకటి రెండు క్లిక్కులు తిప్పితే చాలు. పాతదైతే గొట్టంలో తుప్పో బురదో ఉంటుంది, మార్చేయండి.

ఇక్కడ ఒక గుర్తు చెప్తాను. దీన్ని పట్టుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. చిన్న పళ్లచక్రాల వైపు సరిచేస్తే పెద్దవాటి వైపు చెడిపోతోంది, పెద్దవాటి వైపు సరిచేస్తే చిన్నవాటి వైపు గొణుగుతోంది. ఇలా ఉంటే అడ్జస్టర్ మీద చెయ్యి తీసేయండి. తప్పు కేబుల్‌ది కాదు. హ్యాంగర్ వంగింది.

అసలు దొంగ: హ్యాంగర్

చైన్‌ని ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపేది డీరైలర్. దాన్ని ఫ్రేముకి తగిలించే బొటనవేలంత అల్యూమినియం ముక్క హ్యాంగర్. కావాలనే మెత్తగా చేస్తారు, దెబ్బ తగిలితే ఫ్రేము బదులు అది వంగాలని. అంటే వంగడం దాని ఉద్యోగం. మనం మర్చిపోయేది ఆ సంగతే.

వంగడానికి పెద్ద ప్రమాదమేం జరగనక్కర్లేదు. కారు డిక్కీలో కుడి పక్క కిందికి ఉండేలా సైకిల్ పడుకోబెట్టి, దాని మీద టెంటు, కూలరు, దోసెపిండి డబ్బా సర్దితే చాలు. వెనక ర్యాక్ మీద మూడు సైకిళ్లు వేలాడదీస్తే పక్కదాని పెడల్ ఏడు గంటలసేపు డీరైలర్‌ని నెడుతూనే ఉంటుంది. పార్కింగులో నిలబెట్టిన సైకిల్ కుడివైపుకి ఒరిగి పడినా అంతే. "పడలేదన్నా, గీత కూడా లేదు" అంటారు. గీత పడక్కర్లేదు.

దీనితో నా చేతులు కాలాయి కాబట్టే ఇంత చెప్తున్నాను. మొదటి ఏడాది నా సైకిల్ ఇలాగే జారితే ముందు కేబుల్ మార్చాను. తగ్గలేదు. చైన్ మార్చాను. తగ్గలేదు. ఒక షాపుకి తీసుకెళ్తే క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) అరిగిందన్నారు, అదీ మార్పించాను. స్టాండు మీద చేత్తో తిప్పితే గడియారంలా నడిచింది. డేవిసన్ రోడ్డు ఎత్తులో అన్నిటికన్నా తేలిక గేరు వేసి లేచి నిలబడి తొక్కానో లేదో, డీరైలర్ వెళ్లి స్పోకుల్లో చిక్కుకుంది. ఒకటే చప్పుడు. మూడు స్పోకులు తెగాయి, డీరైలర్ రెండు ముక్కలు. సైకిల్ వెనక భాగాన్ని భుజానికెత్తుకుని పొగమంచులో నడిచాను. దారి పక్క పచ్చికలో ఎల్క్ దుప్పులు మేత ఆపి నన్నే చూశాయి.

ఎందుకలా జరిగిందంటే, డీరైలర్ లోపలికి ఎంత దూరం రావచ్చో ఆపే స్క్రూ ఒకటి ఉంటుంది, పక్కన ఎల్ అని రాసి ఉంటుంది. దాన్ని బిగించింది హ్యాంగర్ తిన్నగా ఉన్నప్పుడు. హ్యాంగర్ చక్రం వైపుకి వంగాక ఆ హద్దు కూడా దానితోపాటే లోపలికి జరిగింది. స్క్రూ తన హద్దు దగ్గరే ఆగింది, డీరైలర్ మాత్రం స్పోకుల దగ్గరికి చేరింది.

వెనక ఎనిమిది పళ్లచక్రాలుండే పాత 8 స్పీడ్ సైకిళ్లకి ఈ బాధ తక్కువ. వాటి పళ్లచక్రాల మధ్య దూరం 4.8 మిల్లీమీటర్లు, కాస్త వంకరని ఓర్చుకుంటాయి. 11, 12 స్పీడ్‌లో ఆ దూరం నాలుగు మిల్లీమీటర్ల లోపే.

చూడడం ఎలా

చైన్ మధ్య గేరులో పెట్టి, సైకిల్ వెనక్కి వెళ్లి, డీరైలర్ ఎత్తుకి వంగి ఒక కన్ను మూసుకోండి. మేస్త్రీ గోడకి గుండు వేలాడదీసి చూసినట్టు చూడాలి. చైన్ ఉన్న పళ్లచక్రం, దాని కింద డీరైలర్‌లోని రెండు చిన్న చక్రాలు, మూడూ ఒకే నిలువు గీతలో ఉండాలి. కింది చిన్నచక్రం స్పోకుల వైపుకి ఒరిగి కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఇది పది సెకన్ల పని. దీన్ని వదిలేసి అరగంట స్క్రూలు తిప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కంటికి అందని వంకర కూడా ఉంటుంది. ఇంట్లో హ్యాంగర్ గేజ్ ఉంటే డీరైలర్ విప్పి, ఆ రంధ్రంలో గేజ్ బిగించి, రిమ్ముకి గేజ్ మొనకి మధ్య దూరం గడియారంలో 12, 3, 6, 9 ఉండేచోట్ల కొలవండి. ప్రతిసారీ చక్రాన్ని కూడా తిప్పి రిమ్ము మీద ఒకే చోటు దగ్గర కొలవాలి, వాల్వుని గుర్తు పెట్టుకోండి. లేకపోతే రిమ్ము సొట్టని హ్యాంగర్ వంకర అనుకుంటారు. తేడా నాలుగు మిల్లీమీటర్ల లోపుంటే సరేనంటారు. 12 స్పీడ్‌కి నేను రెండు దాటనివ్వను.

సరిచేయడం ఎలా

అడవిలో ఉంటే చక్రం విప్పకండి, యాక్సిల్ బిగించే ఉండాలి. చైన్ అన్నిటికన్నా చిన్న పళ్లచక్రం మీదికి తెండి. డీరైలర్ బిగించే బోల్టులో 5 మిల్లీమీటర్ల అలెన్ కీ పూర్తిగా దూర్చి, రెండో చేత్తో డీరైలర్ ఒళ్లు పట్టుకుని, మెల్లగా బయటికి లాగండి. కొంచెం లాగడం, వెనక్కి వెళ్లి చూడడం, మళ్లీ కొంచెం. కేజ్ (రెండు చిన్న చక్రాలుండే చట్రం) పట్టుకుని మాత్రం వంచొద్దు, అది వంగితే దానికి వేరే మందు లేదు. తర్వాత ఎల్ స్క్రూ కాస్త బిగించి అన్నిటికన్నా తేలిక గేరు పడకుండా చేసుకోండి. ఆ రోజుకి ఎత్తులో దిగి నడిచినా పరువేం పోదు.

ఇంటికొచ్చాక కొత్త హ్యాంగర్ వేయండి. ఒకసారి వంచి తీసిన అల్యూమినియం రెండోసారి విరుగుతుంది. ఒకప్పుడు ప్రతి కంపెనీ ఫ్రేముకీ ఒక్కో ఆకారం, దొరకడమే గగనం. విడిభాగాల కంపెనీ స్రామ్ వాళ్లు 2019లో అందరికీ ఒకటే ఉండేలా యూడీహెచ్ అనే హ్యాంగర్ తెచ్చాక చాలా కొత్త సైకిళ్లకి అదే వస్తోంది. దాని బోల్టు మరలు తిరగేసి ఉంటాయి, మామూలు దిక్కున విప్పబోయి ఇంకా బిగించేయకండి. ఏ రకమైనా సరే, ఒకటి అదనంగా సీటు కింది సంచీలో పడేయండి. దగ్గర్లోని ఓరిక్ ఊళ్లో దొరకదు. ఆర్కాటా దాకా ముప్పై మైళ్ల పైనే పోవాలి.

హ్యాంగర్ తిన్నగానే ఉండి ఇంకా జారుతుంటే చైన్ అరుగుదల కొలిచి చూడండి, లింకు ఒకటి బిగుసుకుందేమో చూడండి. క్యాసెట్ కూర్చునే ఫ్రీహబ్ పోవడం, యాక్సిల్ వంగడం, ఫ్రేము పగలడం లాంటివి ఉంటాయి గానీ వాటిని షాపుకి వదిలేయండి. ఇన్నేళ్లలో ఒక్కసారి చూశాను.

లక్షణం: వేర్ల మీద చక్రం జారుతోంది

టైరు పక్కన రాసి ఉన్న గరిష్ఠ సంఖ్య దాకా గాలి కొట్టారు, అంతే. ఇక్కడ నేలంతా రాలిన రెడ్‌వుడ్ ఆకుల మెత్త, దాని కింద తడి వేర్లు. 2.2 అంగుళాల టైరు, 70 కిలోల మనిషి అయితే నేను ట్యూబుతో 25 పీఎస్ఐ దగ్గర మొదలుపెడతాను.

లక్షణం: ఒసాగన్ దిగుతుంటే బ్రేకు అరుస్తోంది

ఎండాకాలం కూడా పొగమంచు చెట్ల కొమ్మలకి పట్టి చినుకుల్లా రాలుతుంది. తడికైతే నాలుగుసార్లు మెల్లగా బ్రేకు పట్టి వదిలితే ఆరిపోతుంది. అప్పటికీ అరుస్తూ, పట్టు కూడా లేకపోతే, ముందురోజు రాత్రి చైన్‌కి స్ప్రే కొట్టింది ఎవరో అడగండి. నూనె డిస్కు మీద పడి ఉంటుంది. డిస్కుని ఆల్కహాల్‌తో తుడవండి, ప్యాడ్లు మార్చండి. నూనె పీల్చిన ప్యాడ్లను గరుకు కాగితంతో రుద్ది కాపాడదామని చూడకండి, ఆ దిగుడులో అస్సలు వద్దు.

లక్షణం: ఒడ్డు దాటాక చైన్ కరకరలాడుతోంది

ఇసుక. సీసాలో నీళ్లు కొంచెం పోసి కడిగి, గుడ్డతో తుడిచి, చుక్క చుక్కగా నూనె వేయండి. డేవిసన్ ఎత్తు మొదలవకముందే చేయండి.