ఎండ కాసిందని మంచును నమ్మకండి

వేసవి సెలవులకు సిక్కిం, హిమాచల్, ఉత్తరాఖండ్ బయల్దేరే మనవాళ్లకు ఒక మాట. ఏప్రిల్‌లో అక్కడ దిగగానే నీలాకాశం, చుర్రుమనే ఎండ చూసి 'అబ్బ, వెదర్ బాగుంది' అనుకుంటాం. అది ఫొటోలకు మంచిదే కానీ మంచుకు కాదు. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో గ్యాంగ్‌టక్ నుంచి నాథులా కనుమకు వెళ్లే దారిలో మంచుచరియలు పడి ఏడుగురు టూరిస్టులు చనిపోయారు. అది మిట్టమధ్యాహ్నం వేళ. టూరిస్టులకు పర్మిట్ ఆ రోడ్డు మీద 13వ మైలు వరకే, చరియలు పడింది 15వ మైలు దగ్గర.

రాత్రి చలికి మంచు పైపొర రాయిలా బిగుస్తుంది. ఎండెక్కాక కరిగి, ఆ నీరు లోపలికి ఇంకుతుంది. అసలు చిక్కు అడుగున ఉంది. చలికాలం మొదట్లో పలచగా పడ్డ మంచు, కింద నేల వెచ్చదనానికీ పైన చలికీ మధ్య నలిగి, కల్లుప్పు పలుకుల్లా మారుతుంది. గుప్పెట్లో పట్టి నొక్కినా ముద్ద కాదు, వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. తర్వాత నెలల తరబడి పడిన మంచంతా ఆ ఉప్పు మీదే కూర్చుంటుంది. నీరు అక్కడిదాకా దిగిందంటే ఆ పొర పట్టు వదిలేస్తుంది, పైనున్న మంచంతా చరియగా జారిపోతుంది.

అందుకే గైడు రాత్రి రెండింటికి లేపితే విసుక్కోకండి. (మేమూ విసుక్కున్నాం. కొయ్యబారిన వేళ్లతో షూ లేసులు కట్టుకోవడం నరకం.) ఎండ తగిలే వాలును మంచు మెత్తబడకముందే దాటేయాలి. తూర్పు వాలు ముందు వేడెక్కుతుంది, పడమటిది చివర్లో. ఇంకో సంగతి, రాత్రంతా మబ్బు పట్టి ఉంటే మంచు సరిగ్గా బిగుసుకోదు. మబ్బు పట్టిన రాత్రి ఉక్కపోత మనకు తెలిసిందేగా! అలాంటి రోజు తెల్లవారుజామునైనా నమ్మకూడదు.

బూటు చీలమండ దాటి దిగబడుతున్నా, వాలు మీద మంచు ఉండలు వాటంతటవే దొర్లుతున్నా, అడుగేస్తే లోపల 'ధబ్' మని కూలినట్టు వినిపించినా ఇక వెనక్కే. చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద విరుగుతాయి. కోణం కొలిచే యాప్ ఫోన్‌లో వేసుకోండి. మీరు నిలబడ్డ చోటు చదునుగా ఉన్నా సరే, తల పైన ఏముందో చూడాలి. తప్పనిసరిగా దాటాల్సి వస్తే ఒక్కొక్కరే వెళ్లాలి, మిగతావాళ్లు భద్రమైన చోట ఉండి కళ్లార్పకుండా చూడాలి.

డబ్బు కట్టేముందే ట్రెక్ కంపెనీని అడగండి: బీకన్ (కూరుకున్న చోటు తెలిపే సిగ్నల్ పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార మనిషికొకటి ఇస్తారా, వాడడం నేర్పుతారా? కూరుకుపోయిన మనిషిని 15 నిమిషాల్లోపు తీస్తే బతికే అవకాశం ఎక్కువ, అరగంట దాటితే బాగా పడిపోతుంది. హెలికాప్టర్ అంత తొందరగా రాదు, తవ్వాల్సింది పక్కనున్నవాళ్లే. చండీగఢ్‌లోని డీజీఆర్ఈ (డీఆర్‌డీఓకు చెందిన సంస్థ) మంచుచరియలపై ఇచ్చే హెచ్చరికను ముందురోజు సాయంత్రమే చూడండి.

చరియలో చిక్కుకుంటే కర్రలు వదిలేసి, ఈత కొట్టినట్టు పైకి పెనుగులాడాలి. మంచు ఆగే ముందు రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని, ఊపిరికి కాస్త ఖాళీ మిగుల్చుకోవాలి. ఆగిన మరుక్షణం అది సిమెంటులా బిగుస్తుంది, అప్పుడు వేలు కూడా కదపలేరు.