టర్బైన్ పాఠం 4: ఫైనల్‌లో త్రాటిల్

ఇవి చిన్న టర్బైన్ జెట్ ఇంజన్‌తో ఎగిరే రేడియో కంట్రోల్ మోడల్ విమానాల పాఠాలు. పోయినసారి టర్బైన్ వేవర్ (అలాంటి మోడల్ ఎగరేసే అనుమతి) గురించి చెబుతూ “పరీక్షలో ల్యాండింగ్ చేసి చూపాలి” అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. దాని ఫలితం ఉత్తరాల్లో కనిపించింది. కాబట్టి ఈ వారం ఇంధనం పాఠం లేదు.

ముందు చిన్న సందేహాలు. టర్బైన్ వేవర్ అమెరికాలోని అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్ తన సభ్యులకు ఇచ్చేది. అనుభవజ్ఞుల ఎదుట ఎగరేసి చూపిస్తే వస్తుంది. అది మన ప్రభుత్వ లైసెన్సు కాదు. మనకు 2021 డ్రోన్ రూల్స్ ఉన్నాయి: మోడల్ బరువు 25 కిలోలు దాటకూడదు, కంటికి కనిపించే దూరంలోనే ఎగరాలి. గాజువాక మేడ మీంచి ఎగరేయొచ్చా అని అడిగిన తమ్ముడూ, పక్కనే నేవీ వాళ్ల విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా ఉంది. ఆ ఆలోచనే వద్దు.

ఇక అసలు సంగతి. ఒకాయన స్నేహితుడి టర్బైన్ మోడల్‌ని ఫైనల్‌లో, అంటే దిగడానికి రన్‌వే వైపు నేరుగా వచ్చే చివరి దశలో, తక్కువ ఎత్తుకి తెచ్చి, ఎత్తు చాలదనిపించి త్రాటిల్ (ఇంజన్ పవర్ పెంచే, తగ్గించే స్టిక్) పూర్తిగా తోశారు. మోడల్ కంచెలో పడింది. “ఇంజన్ పాడైందా?” అని అడిగారు. ఇంజన్ శుభ్రంగా ఉంది. ఐడిల్ (ఇంజన్ ఆగకుండా తిరిగే కనీస వేగం) నుంచి పూర్తి వేగానికి రావడానికి టర్బైన్‌కి కొన్ని సెకన్లు పడుతుంది. లోపలి చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటాలి మరి! ప్రొపెల్లర్ అయితే తోసీ తోయగానే గాలి రెక్క మీదికి వచ్చి ఆదుకుంటుంది. ఇక్కడ ఆ గాలి ఉండదు. పైగా ఐడిల్‌లోనూ కొంత తోపు మిగిలే ఉంటుంది. అందుకే ఎత్తుగా వస్తే దిగదు, తక్కువగా వస్తే లేవదు. ఫ్యాన్ జెట్ (కరెంటు మోటారు ఫ్యాన్‌తో ఎగిరే మోడల్) మీద వంద ల్యాండింగులు చేశానని నాకు రాయకండి. అందులో మోటారు వెంటనే పలుకుతుంది, అదే మిమ్మల్ని చెడగొట్టింది.

నేనైతే ఫైనల్‌లో త్రాటిల్‌ని పూర్తిగా కిందికి లాగను. ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి వంగే పలకలు) దించి, కొంచెం పవర్ ఉంచుకునే వస్తాను. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక అసలు ఎగరేయను.

సాధన: మీ రేడియోలో త్రాటిల్ పైకి వెళ్లడానికి 4 సెకన్లు పట్టేలా స్లో పెట్టండి, దాన్ని ఒక స్విచ్‌కి కట్టండి. ముందు సిమ్యులేటర్‌లో, తర్వాత ఫోమ్ మోడల్‌తో 30 అప్రోచ్‌లు (దిగడానికి రన్‌వే వైపు రావడం). పక్కన ఎవరినైనా నిలబెట్టి, తోచినప్పుడు “కుక్క!” అని అరవమనండి. అరవగానే గో అరౌండ్ చేయాలి, అంటే దిగకుండా మళ్లీ పైకి లేపాలి. 30లో ఒక్కటి నేల తాకినా మళ్లీ ఒకటి నుంచి లెక్క.