మాటు పడిందా, పడినట్టు కనిపించిందా? (బ్రౌజర్ మరమ్మతు – 3వ పాఠం)

కిందటి పాఠంలో బ్రౌజర్ నంబరు చదవడం నేర్చుకున్నాం. నాలుగు ముక్కలు, మధ్యలో చుక్కలు. మొదటి ముక్క పెద్ద విడత, చివరి ముక్క ఆ విడత మీద పడిన చిన్న మరమ్మతు. మీ నంబరు కాగితం మీద రాసుకోమన్నాను. రాసుకోనివాళ్లు ఇప్పుడు రాసుకోండి, దాంతో ఇవాళ పనుంది.

మొదలుపెట్టే ముందు ఒక మాట గురించి. 'ప్యాచ్' అన్నచోటల్లా నేను 'మాటు' అంటాను. మా పర్లాకిమిడి వీధుల్లో ఒకప్పుడు "గిన్నెలకి మాట్లేస్తాం, బిందెలకి మాట్లేస్తాం" అని కేక వినిపించేది. చిల్లు పడిన బిందెని పారేయకుండా, చిల్లు చుట్టూ గీకి, శుభ్రం చేసి, అక్కడ మాత్రమే అతికిచ్చేవారు. బ్రౌజర్‌కి జరిగేదీ సరిగ్గా అదే. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని, వాడుకలో మాట ఉండగా పుస్తకాల్లో మాట వెతుక్కోవడం నాకు నచ్చదు. పైగా ఈ మాటతో ఇంకో లాభం ఉంది. మాటు వేయడమంటే పొంచి కూర్చోవడం కూడా. దొంగా మాటు వేస్తాడు, మనమూ మాటు వేస్తాం. ఎవరు ముందు వేశారన్నదే లెక్క.

మా షాపులో నాలుగు కంప్యూటర్లున్నాయి. స్కాలర్‌షిప్ ఫారాలు, భూలేఖ్‌లో (ఒడిశా భూముల రికార్డుల సైటు) పట్టా నకళ్లు, కరెంటు బిల్లులు, అప్పుడప్పుడు పాతపట్నం వైపు నుంచి వచ్చేవాళ్ల పనులు. గుణుపురం నుంచి వచ్చి పని నేర్చుకుంటున్న కుర్రాడొకడు నా దగ్గరున్నాడు. మొన్న సోమవారం షాపు తెరవగానే నాలుగింటిలోనూ క్రోమ్ అప్‌డేట్ చెయ్యమని వాడికి చెప్పాను. పది నిమిషాల్లో వచ్చి "అయిపోనాది బాబాయ్" అన్నాడు. వెళ్లి చూశాను. మూడు చుక్కలు నొక్కి, 'హెల్ప్'లోకి వెళ్లి, 'అబౌట్ గూగుల్ క్రోమ్' తెరిస్తే, 'నియర్లీ అప్ టు డేట్' అని ఉంది. పక్కనే 'రీలాంచ్' మీట, అంటే మూసి మళ్లీ తెరిచేది.

"ఇదిగో, అప్ టు డేట్ అనే ఉంది కదేటి!"

"ముందున్న మాట చదివావా?"

'నియర్లీ' అంటే దాదాపు. దాదాపు తలుపు గడియ వేశానని ఎవరైనా అంటే మీరు నిద్రపోతారా? ఈ పాఠమంతా ఆ ఒక్క 'నియర్లీ' గురించే.

అసలు లోపల ఏం జరుగుతోందో కళ్లారా చూద్దాం. విండోస్ కంప్యూటరైతే సీ డ్రైవ్ తెరవండి. 'ప్రోగ్రామ్ ఫైల్స్', దానిలో 'గూగుల్', దానిలో 'క్రోమ్', దానిలో 'అప్లికేషన్'. (అక్కడ లేకపోతే 'ప్రోగ్రామ్ ఫైల్స్ ఎక్స్86'లో చూడండి, పాత కంప్యూటర్లలో అక్కడుంటుంది.) మామూలు రోజుల్లో ఆ ఫోల్డర్లో నంబరు పేరుతో ఒకే ఫోల్డర్ ఉంటుంది. మీరు కాగితం మీద రాసుకున్న నంబరే అది. అప్‌డేట్ దిగి, రీలాంచ్ కాని రోజున చూస్తే రెండు నంబర్లు కనిపిస్తాయి, పాతదొకటి, కొత్తదొకటి. 'క్రోమ్' అనే ఫైలు పక్కన 'న్యూ_క్రోమ్' అని ఇంకో ఫైలు కూడా ఉంటుంది.

అంటే కొత్త బిందె గుమ్మం దాకా వచ్చింది. ఇంట్లో మాత్రం ఇంకా చిల్లు బిందెతోనే నీళ్లు తోడుతున్నారు. క్రోమ్ నడుస్తున్నంతసేపూ పాత ఫైలు దాని చేతిలోనే ఉంటుంది, నడుస్తున్న ఫైలుని కింద నుంచి లాగి కొత్తది పెట్టడం కుదరదు. అందుకే కొత్తదాన్ని వేరే పేరుతో పక్కన నిలబెట్టి, మీరు క్రోమ్ మూసి తెరిచే క్షణం కోసం చూస్తుంది. ఆ క్షణంలో పేర్లు మారతాయి. అప్పుడే మాటు పడినట్టు.

"మరి రోజూ రాత్రి షాపు కట్టేటప్పుడు క్రోమ్ మూసేస్తున్నాం కదా" అన్నాడు కుర్రాడు. మంచి ప్రశ్న. మూలనున్న ఇంటూ (×) గుర్తు నొక్కితే కిటికీ పోతుంది, క్రోమ్ పోయిందని మాత్రం అనుకోకండి. సెట్టింగ్స్‌లో 'సిస్టమ్' అనే చోట, క్రోమ్ మూశాక కూడా వెనకాల పనులు నడవనివ్వాలా అని ఒక మీట ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే, గడియారం పక్కన చిన్న బొమ్మగా క్రోమ్ కూర్చునే ఉండొచ్చు. దాన్ని ఆపేయండి. మా మూడో కంప్యూటర్లో కారణం వేరు. ఒకే కంప్యూటర్లో రెండు విండోస్ ఖాతాలు పెట్టుకున్నాం, ఒకటి నాది, ఒకటి కుర్రాడిది. నేను నా ఖాతా మూయకుండా 'స్విచ్ యూజర్' నొక్కి లేచిపోతాను. నా ఖాతాలో క్రోమ్ తెరిచే ఉంటుంది కాబట్టి, వాడు తన ఖాతాలో ఎన్నిసార్లు మూసి తెరిచినా పాత ఫైలు కదలదు. తప్పు వాడిదనుకుని వారం రోజులు వాణ్ణే గొణిగాను.

'అయితే ఏమైంది, ఇవాళ కాకపోతే ఎల్లుండి మారుతుంది' అంటారా? ఇక్కడే అసలు విషయం ఉంది, దీన్ని తాపీగా చదవండి.

2023 సెప్టెంబరు 6న యాపిల్ భద్రతా బృందమూ, టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్‌వాళ్లూ క్రోమ్‌లో ఒక చిల్లు గురించి గూగుల్‌కి తెలియజేశారు. వెబ్‌పీ అనే బొమ్మల రకం ఉంది. మీరు చూసే సైట్లలో చాలా బొమ్మలు ఆ రకంవే. ఆ బొమ్మని విప్పి తెరమీద పెట్టే కోడ్ పేరు లిబ్‌వెబ్‌పీ. కుంచెడు బియ్యం పట్టే పాత్ర పెట్టుకుని, వచ్చినవాడు కుంచెడే పోస్తాడని నమ్మితే ఏమవుతుంది? వాడు కుంచెడున్నర పోస్తాడు, మిగిలింది పక్కనున్న ఉప్పులో పడుతుంది, పప్పులో పడుతుంది. లిబ్‌వెబ్‌పీలో జరిగిందదే. బొమ్మ విప్పడానికి పట్టిక కట్టుకునే చోట, కేటాయించుకున్న జాగా కంటే ఎక్కువ రాయించగలిగేలా బొమ్మని తయారు చేయొచ్చు. పొర్లిన ఆ రాత పక్క జాగాలో పడి, దొంగ చెప్పిన పని చేస్తుంది. మీరు దేన్నీ నొక్కక్కర్లేదు, ఏదీ దించుకోనక్కర్లేదు, బొమ్మున్న పేజీ తెరిస్తే చాలు. అప్పటికే ఎవరో దాన్ని వాడుతున్నారని గూగుల్ కూడా ఒప్పుకుంది. సెప్టెంబరు 11న మాటు వచ్చింది. క్రోమ్ నంబరు 116.0.5845.187. మరునాడు ఫైర్‌ఫాక్స్ 117.0.1 వచ్చింది, ఎందుకంటే అదీ ఆ లిబ్‌వెబ్‌పీనే వాడుతోంది. ఒకే కుమ్మరి దగ్గర కొన్న కుండలు, అన్నింటికీ ఒకేచోట పగులు.

ఇప్పుడు దొంగ వైపు నుంచి ఆలోచించండి. క్రోమ్‌కి ఆధారమైన క్రోమియం కోడ్ బహిరంగం, ఎవరైనా చదువుకోవచ్చు. మాటు వేయగానే, వేయకముందు ఎలా ఉంది, వేశాక ఎలా ఉంది అని రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చిల్లు ఎక్కడుందో తెలిసిపోతుంది. చిల్లు వివరాలు చాలామందికి మాటు చేరేదాకా గూగుల్ బయటపెట్టదు, నిజమే. కానీ మాటే దారి చూపిస్తుంది. గోడకి కొత్తగా సిమెంటు పూసిన చోటు చూసి, పక్కింటి గోడలో కన్నం ఎక్కడుంటుందో ఊహించలేనంత తెలివితక్కువవాడు కాదు దొంగ. కాబట్టి మాటు విడుదలైన రోజు నుంచి మీరు రీలాంచ్ నొక్కే రోజు దాకా మీ పరిస్థితి ముందుకంటే దిగజారుతుంది తప్ప మెరుగుపడదు. నిన్నటిదాకా ఆ కన్నం ఇద్దరు ముగ్గురికే తెలుసు, ఇవాళ ఓపికున్న ప్రతివాడికీ తెలుసు.

కోడ్‌లో మాటు పడడానికీ, అది జనానికి అందడానికీ మధ్య క్రోమ్ 77 నాటికి సగటున 35 రోజులు పట్టేది. 2020లో రెండు వారాలకోసారి మాట్లు పంపడం మొదలెట్టాక అది 15 రోజులకి దిగింది. 2023 ఆగస్టులో, 116వ విడత నుంచి, వారం వారం పంపుతున్నారు. వాళ్లు అన్నేళ్లు తంటాలుపడి రోజులు తగ్గించుకొస్తే, రీలాంచ్ మీట ముందు మనం పది రోజులు కలుపుతున్నాం.

ఆ రోజులు లెక్కపెట్టుకోవడానికి క్రోమే ఒక సాయం చేస్తుంది. కుడివైపు పైమూల మూడు చుక్కల దగ్గర రంగు వస్తుంది. ఆకుపచ్చ అంటే అప్‌డేట్ వచ్చి రెండు రోజుల లోపు. నారింజ అంటే నాలుగు రోజులు. ఎరుపు అంటే వారం దాటింది. మా షాపులో ఎరుపు చూసి "బాగుంది, కొత్త డిజైను" అన్న పెద్దాయన ఉన్నారు. ఆయన్ని ఏమీ అనలేకపోయాను, నా సొంత కంప్యూటర్లోనూ అదే డిజైను ఉంది.

రీలాంచ్ ఎప్పుడు నొక్కాలన్నది కూడా నేర్చుకోవాలి. నేను దెబ్బతిని నేర్చుకున్నాను. ఆర్.ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి స్కాలర్‌షిప్ ఫారం నింపుతోంది. పబ్లిక్ కంప్యూటర్ కదా అని ఇన్‌కాగ్నిటో కిటికీలో (మూశాక చూసిన పేజీల జాబితా దాచుకోనిది) తెరిచి ఇచ్చాను, అది మంచి అలవాటే. ఆవిడ ఫొటో సైజు తగ్గించుకోవడానికి పక్క కంప్యూటర్‌కి వెళ్లింది. ఖాళీగా ఉంది కదా అని నేను రీలాంచ్ నొక్కాను. మామూలు ట్యాబ్‌లు మళ్లీ తెరుచుకుంటాయి గానీ, ఇన్‌కాగ్నిటో కిటికీలు తిరిగి రావు. మామూలు ట్యాబ్‌లలో కూడా సగం నింపిన ఫారం ఉంటుందన్న నమ్మకం లేదు. మళ్లీ ఓటీపీ, మళ్లీ వివరాలు, అవతల బస్సు టైమవుతోంది. ఆ రోజు నుంచి మా పద్ధతి ఇది: పొద్దున్న షట్టర్ ఎత్తగానే, మొదటి మనిషి లోపలికి రాకముందే, నాలుగింటిలోనూ 'అబౌట్' పేజీ తెరిచి రీలాంచ్ నొక్కి, మళ్లీ అదే పేజీ తెరిచి నంబరు మారిందో లేదో చూడడం. ఆఖరి ముక్క మరిచిపోకండి. నంబరు మారితేనే మాటు పడింది.

డేటా అయిపోతుందని అప్‌డేట్లు ఆపేసేవాళ్లు కొండల వైపు చాలామంది. గుమ్మ వైపు నుంచి మరమ్మతుకొచ్చిన ఒక ల్యాప్‌టాప్‌లో, విండోస్ 'సర్వీసెస్'లోకి వెళ్లి గూగుల్ అప్‌డేట్ పేరున్నవన్నీ 'డిజేబుల్డ్' చేసి ఉన్నాయి. ఎంత ఓపిక! నిజానికి మాటు మొత్తం బ్రౌజర్ అంత ఉండదు. 2009లో గూగుల్ ఇచ్చిన ఒక ఉదాహరణ చూడండి: పూర్తి అప్‌డేట్ కోటి బైట్లు దాటితే, మారిన ముక్క మాత్రమే పంపే పద్ధతిలో అది సుమారు 78 వేల బైట్లయింది. ఇప్పుడు బ్రౌజర్లు లావయ్యాయి, మాట్లూ లావయ్యాయి. అయినా మొత్తం మళ్లీ దించుకోవడం కంటే ఎప్పటికప్పుడు అందుకోవడమే చవక.

ఫైర్‌ఫాక్స్‌ది పొట్టి కథ. 'హెల్ప్', 'అబౌట్ ఫైర్‌ఫాక్స్', రీస్టార్ట్ చెయ్యమంటే చెయ్యండి. ఎడ్జ్‌దీ క్రోమ్ దారే, దానికీ క్రోమియమే ఆధారం. ఫోన్లో ప్లే స్టోర్ తెరిచి క్రోమ్‌తోపాటు 'ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ'ని కూడా చూడండి. వేరే యాప్‌ల లోపల తెరుచుకునే పేజీలు చాలావరకు దాని మీదే నడుస్తాయి.

విండోస్ 7 కంప్యూటర్లున్నవాళ్లకి చేదు వార్త. క్రోమ్ 109తో అక్కడ ఆగిపోయింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 10 కావాలి. ఆ కంప్యూటర్లో ఎన్ని రీలాంచ్‌లు నొక్కినా కొత్త మాటు రాదు. ప్రింట్లకి, టైపింగుకి ఉంచుకోండి. బ్యాంకు, ఆధార్ పనులు మాత్రం దానిమీద చెయ్యకండి, కస్టమర్‌ చేత చేయించకండి.

ఇంకొకటి, తొందరలో మరిచిపోయేది. ఏదైనా సైటు తెరవగానే పేజీ మధ్యలో "మీ బ్రౌజర్ పాతబడింది, ఇక్కడ నొక్కండి" అని వస్తే నొక్కకండి. దొంగలు మన భయాన్నే ఎరగా వాడే చోటది. మాటు మెనూలోంచి వస్తుంది, పేజీలోంచి రాదు. ఇప్పటికే ఏదో ఫైలు దిగిపోయి ఉంటే తెరవకుండానే దాని మీద కుడి మీట నొక్కి, 'ప్రాపర్టీస్'లో 'డిజిటల్ సిగ్నేచర్స్' చూడండి. నిజమైన క్రోమ్ ఇన్‌స్టాలర్‌కి అక్కడ 'గూగుల్ ఎల్ఎల్‌సీ' సంతకం ఉంటుంది. ఆ పేజీయే కనిపించకపోతే ఫైలు తీసేయండి.

ఇంటిపని. ఒక నోట్‌బుక్కులో ప్రతి కంప్యూటర్‌కి ఒక గీత గీసి, రంగు మొదట కనిపించిన తేదీ, నంబరు మారిన తేదీ రాయండి. రెండింటి మధ్య ఎన్ని రోజులో పక్కన వేయండి. నాలుగో పాఠంలో ఎక్స్‌టెన్షన్‌లు (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) తీసుకుందాం, అప్పుడు ఈ నోట్‌బుక్కు మళ్లీ కావాలి.

మా కుర్రాడు నిన్నే మొదలుపెట్టాడు. పాత తేదీలు ఎలా పట్టావురా అంటే, 'అప్లికేషన్' ఫోల్డర్లో కొత్త నంబరు ఫోల్డర్ పుట్టిన తేదీ చూశాడట, నేను చెప్పకుండానే. మొదటి కంప్యూటర్ 2 రోజులు, రెండోది 3, మూడోది 7. నాలుగోది 11. నాలుగోదాని ముందు కూర్చునేది నేనే.