మైక్రోవేవ్ పాడైతే: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

"మైక్రోవేవ్ పోయింది" అనే మాట వెనక కనీసం అరడజను రోగాలు ఉంటాయి. ఒకటి వంద రూపాయల మైకా ముక్కతో నయమైపోతుంది, ఇంకోదానికి పెట్టే డబ్బుతో కొత్త పెట్టె సగం వచ్చేస్తుంది. అందుకే ఎన్నేళ్లు వాడాం అని లెక్కేసుకునే ముందు ఏ భాగం పోయిందో తేలాలి. అందులో చాలా వరకు మెకానిక్ రాకముందే, పెట్టె విప్పకుండానే తేల్చుకోవచ్చు.

విప్పొద్దని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. లోపలి హైవోల్టేజ్ కెపాసిటర్ 2,000 వోల్టుల స్థాయిలో పనిచేస్తుంది, ప్లగ్గు పీకేశాక కూడా అందులో చార్జి నిలిచి ఉండొచ్చు. అది ప్రాణం తీసేంత షాకు. మిక్సీలు, ఫ్యాన్లు విప్పడం బాగా అలవాటున్నవాళ్లు కూడా దీని జోలికి వెళ్లకూడదు.

ముందు సాకెట్ చూడండి

800 వాట్లు అని రాసున్న పెట్టె గోడ నుంచి లాగేది 1,200 వాట్ల పైమాటే. కేకుల్లాంటివి కాల్చడానికి కూడా పనికొచ్చే కన్వెక్షన్ వాటికి ఇంకా ఎక్కువ కావాలి. ఇలాంటిదాన్ని ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలిస్తే పిన్నులు కాలి నల్లబడతాయి, పెట్టె ఉన్నట్టుండి ఆగిపోతుంది. నేరుగా 16 ఆంపియర్ల సాకెట్‌కు పెట్టి చూస్తే కొన్ని కేసులు అక్కడే ముగిసిపోతాయి.

వేడి తక్కువవుతోందని అనుమానం ఉంటే నీళ్ల పరీక్ష చేయండి. గాజు గిన్నెలో సరిగ్గా లీటరు నీళ్లు పోసి ఉష్ణోగ్రత చూడండి. జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు, వంటింటి థర్మామీటరు కావాలి. ఫుల్ పవర్‌లో 60 సెకన్లు పెట్టి, తీసి, బాగా కలిపి మళ్లీ చూడండి. ఎన్ని సెంటీగ్రేడ్ డిగ్రీలు పెరిగిందో దాన్ని 70తో గుణిస్తే ఇంచుమించు వాట్లు వస్తాయి. 800 వాట్ల పెట్టెకు 11 డిగ్రీల దాకా పెరగాలి. 9, 10 వచ్చినా పర్వాలేదు, 7 దగ్గర ఆగిపోతే లోపం ఉన్నట్టే. అయితే ఎండాకాలం సాయంత్రాలు లోవోల్టేజీ ఉండే ఊళ్లలో తెల్లవారుజామున ఇంకోసారి చేయండి. అప్పుడు సరిగ్గా వస్తే తప్పు కరెంటుది. అప్పుడు కూడా అంతే ఉంటే మాగ్నెట్రాన్, అంటే వేడి చేసే తరంగాలను పుట్టించే భాగం, నీరసించిందనుకోవచ్చు.

లక్షణాన్ని బట్టి రోగం

లోపల చిటపటమని నిప్పురవ్వలు వస్తుంటే చాలామంది భయపడి పెట్టెనే పారేస్తారు. లోపలి పక్క గోడకు అట్టముక్కలా కనిపించే బూడిదరంగు మైకా షీటును చూడండి. దానిమీద నూనె, కూర చింది మాడి నల్లమచ్చ పడితే అక్కడే రవ్వలు లేస్తాయి. ప్లగ్గు తీసేసి, షీటును ఊడదీసి, దాన్నే కొలతగా పెట్టి కొత్త షీటును కత్తెరతో కత్తిరించి బిగించుకోవచ్చు. చాలా మోడళ్లలో ఇది లోపలి వైపు నుంచే వస్తుంది కాబట్టి కవరు విప్పే పని లేదు. షీటు లేకుండా మాత్రం నడపొద్దు, ఆవిరీ జిడ్డూ నేరుగా మాగ్నెట్రాన్ వైపు వెళ్తాయి. గ్రిల్ స్టాండును మైక్రో మోడ్‌లో పెట్టినా, బంగారు అంచు కప్పులు పెట్టినా రవ్వలు వస్తాయి, అది రోగం కాదు.

పళ్లెం తిరగడం లేదు, వేడి మాత్రం బాగుంది అంటే కింది మోటారు గానీ, పళ్లేన్ని తిప్పే ప్లాస్టిక్ కప్లర్ గానీ పోయింది. చిన్న ఖర్చే.

లైటు వెలుగుతోంది, పళ్లెం తిరుగుతోంది, వేడి మాత్రం రావడం లేదు. ఇలాంటప్పుడు చెవి పెట్టి వినండి. మామూలుకంటే పెద్దగా గూంయ్ మని హోరు వస్తే హైవోల్టేజ్ డయోడ్ లేదా కెపాసిటర్ షార్టయిందని అనుమానించాలి, ఇవి ఖరీదైనవి కావు. హోరే లేకపోతే తలుపు స్విచ్చి, కంట్రోల్ బోర్డు మీది రిలే (కరెంటును వేసి ఆపే చిన్న స్విచ్చి), మాగ్నెట్రాన్, ఏదైనా కావచ్చు. తలుపు తీసినప్పుడో వేసినప్పుడో ఫ్యూజు పోతుంటే తలుపు స్విచ్చుల మీదే అనుమానం పెట్టాలి. ఫ్యూజు ఒక్కటే మార్చి వెళ్లిపోతే మళ్లీ పోతుంది.

కొన్ని బటన్లే పనిచేయకపోతే పైనుండే టచ్‌ప్యాడ్ పొర మారిస్తే చాలు. దానంతటదే కూతలు పెడుతూ అంకెలు అడ్డదిడ్డంగా వస్తే బోర్డు. మన ఇళ్లలో దీనికి చీమలు, బొద్దింకలు, బల్లులు పెద్ద కారణం, వెచ్చగా ఉంటుందని వెనక సందుల్లోంచి దూరతాయి. "బోర్డు మొత్తం మార్చాలి" అనగానే ఒప్పుకోకండి, ముందు శుభ్రం చేసి చూడమనండి. బోర్డులు బాగుచేసే దుకాణాల్లో, హైదరాబాద్ అయితే కోఠి గుజరాతీ గల్లీ వైపు, ఒక్క రిలే మార్చి ఇచ్చేవాళ్లు దొరుకుతారు.

మాగ్నెట్రాన్ దగ్గరే అసలు లెక్క

కూలితో కలిపి మాగ్నెట్రాన్ మార్పుకు సుమారు 2,000 నుంచి 3,500 రూపాయలు అవుతుంది. 20 లీటర్ల కొత్త సోలో (గ్రిల్, కన్వెక్షన్ లేనిది) ఐదారు వేలకు వస్తున్నప్పుడు పాత సోలోకు ఇంత పెట్టడం దండగ. అదే ఖర్చు పన్నెండు వేలు దాటే 28 లీటర్ల కన్వెక్షన్‌కు, తుప్పు లేకుండా ఉంటే, నిక్షేపంగా పెట్టొచ్చు. పోల్చేటప్పుడు అదే రకం, అదే సైజు కొత్తదాని ధరతోనే పోల్చాలి. మొత్తం బిల్లు అందులో సగం దాటితే వదిలేయండి, పెట్టెకు ఏడెనిమిదేళ్లు దాటితే మూడోవంతు దగ్గరే ఆగండి. ఇన్వర్టర్ మోడల్‌లో (బరువైన ట్రాన్స్‌ఫార్మర్ బదులు ఎలక్ట్రానిక్ బోర్డు ఉండే రకం) ఆ ఇన్వర్టర్ బోర్డు పోతే ఈ గీత త్వరగానే దాటుతుంది.

డబ్బు తీసే ముందు వారంటీ కార్డు వెతకండి. పెట్టెకు ఏడాదే ఉన్నా మాగ్నెట్రాన్‌కు విడిగా ఎక్కువేళ్లు ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి. మాగ్నెట్రాన్ పోయిందని మెకానిక్ అంటే మల్టీమీటర్‌తో చూపించమనండి: రెండు టెర్మినళ్ల మధ్య ఒక ఓమ్ కంటే తక్కువ రావాలి, టెర్మినల్‌కూ బాడీకీ మధ్య అసలు కనెక్షన్ ఉండకూడదు. ఈ రెండింటిలో ఏది తప్పినా మాట నిజమే. అన్నీ సరిగ్గా చూపించినా నీరసించిన మాగ్నెట్రాన్ ఉండొచ్చు, దాన్ని పట్టేది నీళ్ల పరీక్షే. పాత పార్టు మీకే ఇచ్చి, బిల్లు మీద గ్యారంటీ రాయమనండి.

బేరం లేని చోట్లు

తలుపు సరిగ్గా పడకపోయినా, కీలు వంగినా, అద్దం వెనకున్న జాలీ చిరిగినా వాడకండి. తలుపు తీసినా పళ్లెం తిరుగుతూనే ఉంటే వెంటనే ప్లగ్గు పీకేయండి. "స్విచ్చిని డైరెక్ట్ చేసేస్తా, పనిచేస్తుంది" అనే మెకానిక్‌ను అక్కడితో పంపించేయండి, తలుపు తెరిచి ఉన్నప్పుడు తరంగాలు ఆపేవి ఆ స్విచ్చులే. తలుపు నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లకు మించి లీకు కాకూడదన్నది ప్రమాణం. దాన్ని కొలవడానికి లీకేజీ మీటరు ఉంటుంది. లోపల ఫోను పెట్టి రింగయితే లీకనే పరీక్షను నమ్మొద్దు, మంచి పెట్టెలో కూడా ఫోను మోగొచ్చు.

లోపలి గోడకు తుప్పు పట్టి చిల్లు పడితే ఎంత కొత్తదైనా తీసేయాల్సిందే. అమెరికా నుంచి తెచ్చుకున్నదైతే పెద్దగా ఆలోచించక్కర్లేదు: అది 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు చేసింది. వోల్టేజీని కన్వర్టర్‌తో దించినా మన 50 హెర్ట్జ్ మారదు, ట్రాన్స్‌ఫార్మర్ మామూలుకంటే వేడెక్కుతుంది.

తీసేయాలనుకుంటే మొదట ఎక్స్ఛేంజ్ ధర అడగండి. రాకపోతే ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఆ బాధ్యతలో తయారీ కంపెనీలకూ వాటా ఉంది. అయస్కాంతాల కోసం మాత్రం మాగ్నెట్రాన్‌ను పిల్లల చేత పగలగొట్టించకండి. కొన్నింటిలోని సిరామిక్‌లో బెరీలియం ఆక్సైడ్ ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం.