ఊపిరితో యోగా – 4వ పాఠం: ముందు ఊపిరి, తర్వాతే చెయ్యి

పోయిన పాఠంలో ఉజ్జాయి చూశాం కదా, గొంతు కొద్దిగా బిగించి సన్నటి శబ్దంతో పీల్చి వదలడం, ఈసారి దానికి చేతులు కలుపుదాం. ఆ శబ్దం ఇంకా అలవాటు కాకపోతే తొందరేం లేదు, ఇంకో వారం అక్కడే ఉండండి.

నిటారుగా నిలబడండి, చేతులు పక్కన. ఊపిరి తీసుకోవడం మొదలెట్టండి, మొదలైందని గొంతులో తెలిశాకే చేతులు ముందు నుంచి పైకి లేపాలి, చేతులు పైకి చేరాక కూడా ఊపిరి ఒక్క క్షణం ఇంకా లోపలికి పోతూనే ఉండాలి. దించేటప్పుడూ అంతే, ముందు ఊపిరి వదలడం మొదలవ్వాలి, చేతులు తొడల దగ్గరికి వచ్చేశాక అది ఆగాలి. ఆరుసార్లు చాలు. చాలామంది చేతులు గబగబా లేపేసి, మిగిలిన ఊపిరిని వాటిని పైనే ఉంచి పీలుస్తారు, అలా చేస్తే భుజాలు చెవుల దాకా వచ్చేస్తాయి.

మైలాపూర్‌లో మా మాస్టారు నేను చేస్తుంటే అసలు నావైపు చూసేవారే కాదు, కళ్ళు మూసుకుని వినేవారు. శబ్దం ఎక్కడైనా గరగరమంటే "ఊపిరి తెగింది, మళ్ళీ చెయ్యమ్మా" అనేవారు, అంతే.

ఇది యోగా గురువు తిరుమలై కృష్ణమాచార్య గారి దారి. 1930లలో మైసూరు ప్యాలెస్ యోగశాలలో తర్వాత పెద్ద యోగా గురువులైన అయ్యంగార్, పట్టాభి జోయిస్ లాంటి కుర్రాళ్ళకి కష్టమైన ఆసనాలు నేర్పినాయన, 1952లో మద్రాసు వచ్చాక వయసు, ఒంట్లో బాగోగులు చూసి ఎవరికి తగ్గది వాళ్ళకి విడిగా చెప్పేవారు. అందుకే ఇలా చేతులు లేపడం కూడా ఇక్కడ వార్మప్ కాదు, అదే పూర్తి సాధన.

నాకిప్పుడు మోకాళ్ళు సహకరించక పద్మాసనం వదిలేశాను, కానీ ఇది వదల్లేదు. అమ్మ ఐసీయూలో ఉన్న రాత్రి బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చేతులు లేపకుండా ఆ శబ్దం ఒక్కటే వింటూ తెల్లవారే దాకా గడిపాను, మాస్టారు నేర్పింది ఇందుకేనేమో అనిపించింది.

భుజం నొప్పి ఉన్నవాళ్ళు చేతులు భుజాల ఎత్తు వరకే లేపండి. కళ్ళు తిరిగే అలవాటుంటే కుర్చీలో కూర్చుని చెయ్యండి, ఊపిరి మాత్రం ఎక్కడా బిగబట్టొద్దు. ఈ వారమంతా ఇదే, వచ్చే పాఠంలో ఊపిరి వదులుతూ ముందుకి వంగడం.